మధ్యాహ్నం మూడింటి నోటుబుక్

ఆ రోజు రెండు స్లైడ్ల మీద నంబర్లు తారుమారుగా రాశాను.

నేను రక్తపరీక్షల ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. ఈ పనిలోకి వచ్చి పన్నెండేళ్లయింది. ట్యూబు మీద బార్‌కోడ్ ఉంటుంది, మెషీన్ దాన్ని తనే చదువుకుంటుంది కాబట్టి అక్కడ పేర్లు మారిపోయే అవకాశం తక్కువ. కానీ మెషీన్ ఇచ్చిన అంకెలో తేడా కనిపిస్తే, ఒక చుక్క రక్తాన్ని స్లైడు అనే గాజు పలక మీద పల్చగా పరిచి, రంగు వేసి, మైక్రోస్కోప్ కింద కళ్లతో చూడాలి. మా దగ్గర ఆ పలక అంచున పెన్సిల్‌తో నంబరు రాసేది మనిషే. ఆ రోజు రాసింది నేను.

ఒక శాంపిల్‌లో తెల్లకణాలు 21 వేలు ఉన్నాయని మెషీన్ చెప్పింది. ఆ నంబరు ఉన్న స్లైడులో మాత్రం కణాలు పల్చగా, మామూలుగా ఉన్నాయి. రిపోర్టు మీద సంతకం పెట్టే ముందు మా సీనియర్ మేడమ్‌కు అనుమానం వచ్చి, రెండు స్లైడ్లూ మళ్లీ చేయించారు. రిపోర్టు బయటికి వెళ్లలేదు, ఎవరికీ ఏమీ కాలేదు. నా చేతులు మాత్రం సాయంత్రం దాకా చల్లగానే ఉన్నాయి. తెల్లకణాలు అన్ని ఉన్న మనిషి చేతికి "అంతా మామూలే" అనే కాగితం వెళ్తే ఏమవుతుందో నాకు తెలుసు.

మేడమ్ తిట్టలేదు. పక్కకు పిలిచి "రాత్రి ఎన్నింటికి పడుకున్నావమ్మా?" అని అడిగారు.

"పన్నెండు దాటింది మేడమ్."

"మొన్న?"

గుర్తు లేదు. అంతకు ముందు రోజు కూడా గుర్తు లేదు. "ఆ స్లైడ్లు ఎన్నింటికి చేశావో చూడు" అన్నారు. రిజిస్టర్‌లో చూస్తే మధ్యాహ్నం 3 గంటల 10 నిమిషాలు. "నేను చూసినంతలో ఇలాంటివి ఎక్కువగా ఆ వేళకే జరుగుతాయి" అని చెప్పి ఆమె తన పనిలోకి వెళ్లిపోయారు.

ఆ మాట నన్ను వదల్లేదు. అప్పటిదాకా నాకు తెలిసిన మందు ఒకటే, ఇంకాస్త జాగ్రత్తగా ఉండటం. కానీ జాగ్రత్త అన్నది కావాలనుకున్నప్పుడల్లా తెచ్చుకోగలిగేదే అయితే, పొరపాట్లు రోజంతా చెదురుమదురుగా జరగాలి కదా. ఒక వేళకే ఎందుకు జరుగుతున్నాయి?

ఆ సాయంత్రమే ఒక చిన్న నోటుబుక్ మొదలుపెట్టాను. కళ్లు మూతపడ్డప్పుడల్లా, చదివిన లైనే మళ్లీ చదివినప్పుడల్లా, లెక్క తప్పి మొదటికి వచ్చినప్పుడల్లా టైమ్ రాయడం, ఆ క్షణాన చేస్తున్న పని రాయడం, ముందు రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయానో రాయడం, పొరపాటు జరిగితే పక్కన ఒక గీత పెట్టడం. అంతే. మొదటి వారం పేజీలన్నీ "అలసటగా ఉంది", "అలసట", "మళ్లీ అలసట" అని నిండిపోయాయి. వారం చివర తిరగేస్తే నాకు తెలిసింది ఏమీ లేదు. అన్నిటికీ ఒకటే పేరు పెట్టేశాను కాబట్టి అన్నీ ఒకేలా కనిపించాయి.

రెండో వారం ఆ మాట వాడకూడదని నియమం పెట్టుకున్నాను. మన భాషలో దీనికి మాటలు తక్కువేమీ లేవు. కళ్లు వాటంతటవే వాలిపోతుంటే అది నిద్రమత్తు. మెడ, నడుము, కళ్లు నొప్పెడుతూ ఇక చాలంటుంటే అది అలుపు. ఒళ్లు బాగానే ఉన్నా మనసు పనిమీద నిలవకపోతే అది విసుగు. రాత్రి బాగా నిద్రపోయి లేచినా పొద్దున్నే ఒంట్లో సత్తువ లేకపోతే అది నీరసం. ఈ నాలుగిట్లో ఏదో ఒకటి రాయాలి, తేల్చుకోలేకపోతే ఒక నిమిషం ఆగి తేల్చుకుని రాయాలి.

రెండో వారం పేజీలు చూశాక నాకు నిజంగా ఆశ్చర్యం వేసింది. నాలుగూ నాలుగు వేర్వేరు చోట్ల ఉన్నాయి. నిద్రమత్తు దాదాపు అంతా మధ్యాహ్నం రెండుకీ నాలుగుకీ మధ్య ఉంది. అలుపు మైక్రోస్కోప్ ముందు నలభై నిమిషాలు దాటినప్పుడు వచ్చింది. విసుగు ఎక్కువగా, వరసగా మామూలు స్లైడ్లే వచ్చినప్పుడు. నీరసానికి మాత్రం వేళాపాళా లేదు, పొద్దున మెట్లెక్కేటప్పుడు కూడా ఉంది. ఇన్నాళ్లూ నాలుగిటికీ నేను చేసింది ఒకటే: ఇంకో కప్పు కాఫీ.

నిద్రమత్తు సంగతి మొదట చెప్తాను, ఎందుకంటే ఎక్కువ తప్పులు దాని కిందే ఉన్నాయి. మధ్యాహ్నం భోజనం వల్లే అనుకునేదాన్ని. మూడు రోజులు భోజనాన్ని నాలుగింటికి జరిపి చూశాను. ఆకలికి ఆకలీ వేసింది, రెండున్నరకు కళ్లూ వాలాయి. భోజనం బరువైతే మత్తు ఇంకాస్త పెరుగుతుందేమో గానీ, అసలు కారణం అది కాదు. మన శరీరంలో ఒక గడియారం ఉంది. మెదడులో, కంటి నరాలు ఒకదాన్నొకటి దాటే చోటుకు కాస్త పైన ఉండే చిన్న కణాల గుంపు దాన్ని నడిపిస్తుంది. ఆ గడియారం కణం లోపల ఎలా తిరుగుతుందో కనిపెట్టినందుకే 2017లో ముగ్గురు శాస్త్రవేత్తలకు, జెఫ్రీ హాల్, మైకేల్ రోస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు, వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఈ గడియారం మనల్ని రోజుకు రెండుసార్లు కిందికి దింపుతుంది. పెద్ద దిగుడు తెల్లవారుజామున, సుమారు మూడు నుంచి అయిదు మధ్య. చిన్న దిగుడు మధ్యాహ్నం. తిన్నా, తినకపోయినా అది వస్తుంది.

దీనికి తోడు ఇంకొకటి. మేలుకుని ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటూ పోతుంది. అది పెరిగే కొద్దీ నిద్ర ముంచుకొస్తుంది, నిద్రపోతే తగ్గుతుంది. రాత్రి తక్కువ పడుకుంటే నిన్నటి బాకీ పూర్తిగా తీరకుండానే ఇవాళ్టి లెక్క మొదలవుతుంది. ఆ బాకీ మీద మధ్యాహ్నపు దిగుడు కూడా తోడైతే మూడింటికి నా పెన్సిల్ ఏం రాసిందో మీకు చెప్పాను.

ఇది తెలిశాక నేను చేసిన మొదటి పని, పనుల వరస మార్చడం. మేడమ్‌ను అడిగితే వెంటనే ఒప్పుకున్నారు. స్లైడ్లు, అంటే వంద తెల్లకణాలను ఒక్కొక్కటిగా చూసి ఏది ఏ రకమో లెక్కపెట్టే పని, వీలైనంత మేరకు పొద్దున పదకొండున్నర లోపే. అర్జెంటు అయితే ఎలాగూ ఆగదు, ఎప్పుడొస్తే అప్పుడే చేయాలి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా నిలబడి, తిరుగుతూ చేసే పనులు పెట్టుకున్నాను. ఫ్రిజ్ టెంపరేచర్లు రాయడం, రీఏజెంట్ల (పరీక్షల్లో వాడే రసాయనాల) స్టాక్ లెక్క చూసుకోవడం, గడువు తేదీలు చూడటం, పాత ట్యూబులు సర్దడం. ఆ వేళలో తప్పనిసరిగా స్లైడు చేయాల్సి వస్తే నంబరు రాశాక పక్కనున్నవారికి చూపించి పైకి చదివిస్తాను. మొదట్లో మొహమాటంగా ఉండేది. ఇప్పుడు మా బెంచీలో అందరూ చేస్తున్నారు.

మీ పని నాలాంటిది కాకపోవచ్చు. కానీ ఏ పనిలోనైనా తప్పు జరిగితే బరువుగా పడే భాగం ఒకటి ఉంటుంది, కాస్త అటూ ఇటూ అయినా సరిదిద్దుకోగలిగే భాగం ఒకటి ఉంటుంది. అంకెలు సరిచూసేది, సంతకం పెట్టేది, పంపాక వెనక్కి తీసుకోలేనిది ఏదైనా ఉంటే దాన్ని మధ్యాహ్నపు లోయలో పెట్టుకోకండి. నాకు దొరికిన ఉపాయాల్లో అన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది ఇదే. దీనికి అదనంగా చేయాల్సిన పనేమీ లేదు, ఉన్న పనినే అటుది ఇటు జరపడం.

తర్వాత కాఫీ. మానలేదు, మానమని ఎవరికీ చెప్పను. కాకపోతే అది ఏం చేస్తుందో తెలుసుకుని తాగుతున్నాను. కాఫీలోని కెఫీన్ నిద్రను తీసేయదు. అడినోసిన్ వచ్చి కూర్చోవాల్సిన చోట్లలో తను కూర్చుంటుంది, అంతే. అడినోసిన్ ఎక్కడికీ పోదు, బయట పోగవుతూనే ఉంటుంది. కెఫీన్ దిగిపోగానే అదంతా ఒక్కసారిగా మీద పడుతుంది. పైగా తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు అయిదు గంటలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. నేను సాయంత్రం అయిదున్నరకు తాగే కాఫీలో సగం, రాత్రి పదిన్నరకు పడుకునే వేళకు నాతోనే ఉండేదన్నమాట. నిద్ర పట్టడం ఆలస్యమయ్యేది, పట్టినా పల్చగా ఉండేది, మర్నాడు మళ్లీ ఎక్కువ కాఫీ. 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో, పడుకోవడానికి ఆరు గంటల ముందు తీసుకున్న 400 మిల్లీగ్రాముల కెఫీన్ కూడా నిద్రను గంటకు పైగా తగ్గించిందని తేలింది. ఇప్పుడు నా చివరి కాఫీ మధ్యాహ్నం ఒంటిగంటలోపే. టీలో కెఫీన్ తక్కువే అయినా దానికీ అదే గడువు. అలవాటు మారడానికి పది రోజులు పట్టింది, మొదటి మూడు రోజులు తలనొప్పి వచ్చింది. ఒక్కసారిగా కాకుండా రోజుకు కొంచెం ముందుకు జరుపుకుంటే అది కూడా ఉండేది కాదనుకుంటాను.

కునుకు గురించి నా అభిప్రాయం పూర్తిగా మారింది. పనిచేసే చోట పడుకోవడమంటే తప్పు చేసినట్టు అనిపించేది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా దూరప్రయాణాల పైలట్లతో చేసిన పరీక్ష గురించి చదివాక ఆ భావం పోయింది. తోటి పైలట్లు విమానాన్ని చూసుకుంటుండగా ఒక్కొక్కరికి వంతులవారీగా 40 నిమిషాలు విశ్రాంతి ఇచ్చారు. అందులో వాళ్లు సగటున 26 నిమిషాలు నిద్రపోయారు. అలా పడుకున్నవాళ్లు, ఆ అవకాశం లేనివాళ్ల కన్నా చివరిదాకా చురుగ్గా ఉన్నారు. విమానం నడిపేవాళ్లకే అది క్షేమమైతే నాకు సిగ్గెందుకు?

మాకు మధ్యాహ్నం భోజన విరామం నలభై అయిదు నిమిషాలు. అందులో ఇరవై నిమిషాలు డ్యూటీ రూమ్‌లో కుర్చీలోనే వెనక్కి వాలి కళ్లు మూసుకుంటాను. అలారం తప్పనిసరి. ఇరవై అని ఎందుకంటున్నానంటే, నిద్ర అంతకన్నా ఎక్కువైతే గాఢనిద్రలోకి జారతాం. అందులోంచి లేస్తే మత్తు అరగంట దాకా వదలదు, పడుకోకముందు కన్నా పనికిరాకుండా ఉంటాం. ఒకసారి అలారం పెట్టకుండా యాభై నిమిషాలు పడుకుని లేచినప్పుడు ఆ మత్తు ఎలా ఉంటుందో నాకు బాగా తెలిసింది. ఇంకో చిన్న విషయం. ఒంటిగంట కాఫీని కునుకు తీసే ముందే తాగుతాను. కెఫీన్ పని మొదలుపెట్టడానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది, నేను లేచేసరికి అదీ సిద్ధంగా ఉంటుంది. నిద్ర పట్టకపోయినా ఫర్వాలేదు. ఫోన్ చూడకుండా కళ్లు మూసుకుని ఉన్నా తేడా తెలుస్తుంది.

అయితే ఇవేవీ రాత్రి నిద్రకు బదులు కావు. ఇది నేను గట్టిగా చెప్పాల్సిన మాట. నా నోటుబుక్‌లో ఆరు గంటల లోపు నిద్ర ఉన్న రోజుల పక్కనే పొరపాట్ల గీతలు గుంపుగా ఉన్నాయి. పెద్దవాళ్లకు కనీసం ఏడు గంటలు కావాలని నిద్ర వైద్యులు చెప్తారు. "నాకు ఆరు చాలు" అని నేను ఏళ్ల తరబడి అన్నాను, నమ్మాను కూడా. 2003లో వచ్చిన ఒక ప్రసిద్ధ ప్రయోగం ఈ నమ్మకాన్నే పరీక్షించింది. రెండు వారాలపాటు కొందరిని రోజుకు నాలుగు గంటలు, కొందరిని ఆరు, కొందరిని ఎనిమిది గంటలు పడుకోనిచ్చి, రోజూ ఏకాగ్రత పరీక్షలు పెట్టారు. ఆరు, అంతకన్నా తక్కువ గంటలు పడుకున్నవారి పనితీరు రోజురోజుకూ దిగజారి, చివరికి ఒకటి రెండు రాత్రులు అసలు నిద్రే లేనివారి స్థాయికి చేరింది. నన్ను భయపెట్టింది అది కాదు. తాము అంతగా దిగజారామని వాళ్లకు తెలియలేదు. కొద్దిగా నిద్ర వస్తోందని మాత్రమే అనుకున్నారు. అంటే "నేను బాగానే ఉన్నాను" అన్న మాటకు నా విషయంలో విలువ లేదు. నోటుబుక్‌లోని గీతలకే విలువ.

రాత్రి విషయంలో నేను చేసినవి రెండే. ఫోన్ ఛార్జింగ్ పడకగదిలోంచి హాల్లోకి మార్చాను. లేచే టైమ్‌ను సెలవు రోజున కూడా మార్చకుండా ఉంచాను. రెండోది కష్టం. కానీ ఆదివారం పదింటికి లేస్తే ఆ రాత్రి నిద్ర పట్టదు, సోమవారం నాటి గీతలు పెరుగుతాయి. నా పుస్తకంలో వరసగా నాలుగు సోమవారాలు అలాగే ఉన్నాయి.

మా ల్యాబ్ బేస్‌మెంట్‌లో ఉంటుంది. పగలూ రాత్రీ అవే ట్యూబ్‌లైట్లు. లోపలి వెలుతురు బాగానే ఉందనిపిస్తుంది గానీ, గదుల్లో ఉండేది సాధారణంగా కొన్ని వందల లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) మాత్రమే, బయట పగటి వెలుతురు మబ్బుగా ఉన్నరోజు కూడా వేలల్లో ఉంటుంది. ఒంటి గడియారాన్ని సరిచేసేది ముఖ్యంగా ఆ వెలుతురే. అందుకని పొద్దున డ్యూటీకి ముందు పది పదిహేను నిమిషాలు బయటే నడుస్తాను. మధ్యాహ్నం కునుకు అయ్యాక మళ్లీ అయిదు నిమిషాలు పైకి వెళ్లి ఎండ తగిలేలా నిలబడి వస్తాను.

ఇక అలుపు. దీని గురించి చెప్పడానికి పెద్దగా లేదు, చేయడానికి మాత్రం ఉంది. మైక్రోస్కోప్ అయినా కంప్యూటర్ అయినా తదేకంగా చూస్తున్నప్పుడు రెప్ప వేయడం తగ్గిపోతుంది, కళ్లు ఎండిపోతాయి. ఇరవై నిమిషాలకు ఒకసారి, ఇరవై అడుగుల దూరంలోని వస్తువును ఇరవై సెకన్లు చూడాలని కంటి డాక్టర్లు చెప్పే సలహా ఉంది కదా, నేను దాన్ని కారిడార్ చివరి తలుపు మీది బోర్డుతో చేస్తాను. కుర్చీ ఎత్తు మార్చుకున్నాను, కళ్లను మైక్రోస్కోప్ ఐపీస్ (కన్ను పెట్టి చూసే భాగం) దగ్గరకు తీసుకెళ్లడానికి మెడ వంచాల్సిన అవసరం లేకుండా. ఏళ్లుగా మెడనొప్పికి మందు రాసుకున్నాను గానీ కుర్చీ కింద ఉన్న లివర్‌ను ఒక్కసారీ ముట్టుకోలేదు.

నీళ్ల సంగతి మాలాంటి చోట ప్రత్యేకం. ల్యాబ్ లోపల ఏదీ తినకూడదు, తాగకూడదు. నీళ్లు తాగాలంటే గ్లవ్స్ తీసి, కోటు విప్పి, చేతులు కడుక్కుని బయటికి రావాలి. ఆ తతంగానికి భయపడి పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా చుక్క నీళ్లు తాగని రోజులెన్నో. ఒంటి బరువులో ఒకటి రెండు శాతం నీరు తగ్గినా తలనొప్పి, చికాకు, ఏకాగ్రత తగ్గడం మొదలవుతాయి. ఇప్పుడు విరామాన్ని, నీళ్లను జత చేశాను. బయటికి వస్తే నీళ్లు తాగాల్సిందే. నీళ్లు తాగాలంటే లేవాల్సిందే.

విసుగు గురించి చాలామంది మాట్లాడరు, అది సోమరితనమని అనుకుంటారు కాబట్టి. నేను ఒప్పుకోను. రెండో ప్రపంచ యుద్ధకాలంలో రాడార్ తెర ముందు గంటల తరబడి కూర్చునేవాళ్లు శత్రువు జాడలను ఎందుకు వదిలేస్తున్నారన్నది బ్రిటన్‌లో పెద్ద సమస్య అయింది. నార్మన్ మాక్‌వర్త్ అనే శాస్త్రవేత్త దానికోసం ఒక గడియారం తయారుచేశాడు. ముల్లు ఒక్కొక్క అడుగే కదులుతుంది, ఎప్పుడో ఒకసారి మాత్రం రెండడుగులు దూకుతుంది. అది కనిపెట్టి మీట నొక్కాలి. రెండు గంటలు చూడమంటే, మొదటి అరగంట దాటగానే వాళ్లు పట్టుకునేవి తగ్గిపోయాయి. 1948లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. వాళ్లంతా మామూలు ఆరోగ్యవంతులే. అరుదుగా వచ్చేదాని కోసం మార్పు లేకుండా కాపలా కాయడం మనిషి మెదడుకు చేతకాదు.

నాకది చదివినప్పుడు గుండె తేలికైంది. ముప్పై మామూలు స్లైడ్లు చూశాక ముప్పై ఒకటోదానిలోని ఒకే ఒక్క వింత కణం నాకు కనిపించకుండా పోవడమే నా అసలు భయం. ఇప్పుడు ఇరవై అయిదు నిమిషాలకు టైమర్ పెట్టుకుంటాను. అది మోగితే చేతిలో ఉన్న స్లైడు పూర్తిచేసి లేస్తాను, ఇంకొకటి చూద్దామని కూర్చోను. మూడు నాలుగు నిమిషాలు వేరే పని, లేదా నీళ్లు. ఇద్దరం డ్యూటీలో ఉంటే గంటకోసారి బెంచీలు మార్చుకుంటాం. జపాన్ రైల్వేలో డ్రైవర్లు సిగ్నల్‌ను వేలితో చూపిస్తూ దాని రంగు పైకి చెప్తారు. కంటికి, చేతికి, నోటికి ఒకేసారి పని పెడితే మనసు జారిపోవడానికి సందుండదు. నేను స్లైడు మీద నంబరును వేలితో చూపిస్తూ చివరి నాలుగు అంకెలు పైకి చదువుతాను.

నాలుగోది నీరసం. దీన్ని నేను అన్నిటికన్నా ఆలస్యంగా పట్టించుకున్నాను. మిగతా మూడూ నెమ్మదిగా తగ్గాయి. నిద్ర ఏడు గంటలకు చేరింది, మధ్యాహ్నం గీతలు తగ్గాయి. నీరసం మాత్రం కదల్లేదు. రెండు అంతస్తుల మెట్లకే ఆయాసం, పొద్దున తల దువ్వుకుంటుంటే చేతులు బరువు. వయసు వస్తోంది కదా అనుకున్నాను. ఒక రోజు నోటుబుక్ మేడమ్‌కు చూపించాను. ఆమె పేజీలు తిప్పి, "దీనికి కారణం డ్యూటీలో లేదమ్మా, చెయ్యి చాపు" అన్నారు.

నా హిమోగ్లోబిన్ 9.6. గర్భం లేని స్త్రీలకు 12 కన్నా తగ్గితే రక్తహీనత కింద లెక్క. నా రక్తాన్ని నేనే స్లైడు మీద పరిచి చూశాను. ఎర్రకణాలు చిన్నవిగా, మధ్యలో పాలిపోయి ఉన్నాయి. వేల మంది రక్తంలో ఆ పాలిపోయిన కణాలను నేను చూశాను, రిపోర్టు రాశాను. ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్ పరీక్షలో కూడా అంకె బాగా కిందే ఉంది. డాక్టరు దగ్గరికి వెళ్లాను. నెలసరిలో ఎక్కువ రక్తం పోవడమే కారణమని తేల్చి దానికీ చికిత్స చేశారు, ఐరన్ మాత్రలు రాశారు. మాత్రను కాఫీ, టీలతో వేసుకోవద్దు, అవి ఇనుమును ఒంటికి పట్టనివ్వవు అన్నారు. హిమోగ్లోబిన్ మామూలు స్థాయికి వచ్చాక కూడా నిల్వలు నిండటానికి కొన్ని నెలలు ఆపకూడదన్నారు. నాలుగో వారంలో ఒక రోజు మెట్లెక్కేశాక గుర్తొచ్చింది, మధ్యలో ఆగలేదని.

అందుకే నీరసం విషయంలో నా మాట వేరు. తగినంత నిద్రపోతున్నా రెండు మూడు వారాలుగా సత్తువ లేకపోతే దయచేసి చిట్కాలతో కాలం గడపకండి, డాక్టర్ని కలవండి. రక్తహీనత, థైరాయిడ్, షుగర్, బి12 లోపం, ఇవన్నీ మామూలు రక్తపరీక్షల్లో తెలిసేవే. గట్టిగా గురకపెడుతూ, మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేచేవాళ్లకు ఎనిమిది గంటలు పడుకున్నా నిద్ర చాలదు. అది స్లీప్ అప్నియా కావచ్చు, దానికి వేరే పరీక్ష ఉంది, చికిత్స ఉంది. మనసు కుంగిపోయి ఉన్నా అది ముందు నీరసంలాగే కనిపిస్తుంది. ఐరన్ మాత్రలు కూడా పరీక్ష లేకుండా సొంతంగా వేసుకోకండి, ఒంట్లో ఇనుము ఎక్కువైనా హానే.

నైట్ డ్యూటీ గురించి కొంత చెప్పాలి, నెలకు ఆరు రాత్రులు నావి. రాత్రి పనికి ఒళ్లు పూర్తిగా అలవాటు పడుతుందని నేను ఇప్పుడు నమ్మడం లేదు. డ్యూటీకి ముందు సాయంత్రం గంటన్నర పడుకుని వెళ్తాను. అర్ధరాత్రికి ముందు ఒక కాఫీ, తర్వాత లేదు. మూడు నుంచి అయిదు మధ్య వచ్చిన క్రిటికల్ రిపోర్టులను (వెంటనే తెలియజేయాల్సిన ప్రమాదకరమైన ఫలితాలను) ఫోన్‌లో చెప్పేటప్పుడు అవతలివారితో తిరిగి చదివించుకుంటాను. అది అసలు నియమమే. కానీ ఆ వేళలో ఒక్కసారి కూడా వదలను. ఇంటికి బండి నడుపుకుంటూ రావడం మానేశాను. పదిహేడు గంటలు ఏకధాటిగా మేలుకున్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవారి స్థాయికి పడిపోతుందని 1997లోనే చూపించారు. చాలా దేశాల్లో డ్రైవింగ్‌కు అదే హద్దు. కిటికీ తెరిచి, పాటలు పెట్టుకుంటే సరిపోతుందనుకునేదాన్ని. రెండు మూడు సెకన్లు తెలియకుండా కళ్లు మూతపడితే ఆ పాట ఏం చేయగలదు? ఇప్పుడు బస్సులో వస్తాను, లేదా ఇంట్లో ఎవరైనా వచ్చి తీసుకెళ్తారు.

నోటుబుక్ ఇప్పటికీ నడుస్తోంది, రోజూ కాదు, నెలలో ఒక వారం. పొరపాట్ల గీతలు సున్నా కాలేదు. కిందటి వారం పేజీలో మూడున్నాయి. మొదటి వారంలో పంతొమ్మిది ఉండేవి.

మొన్న కొత్తగా చేరిన అమ్మాయి మధ్యాహ్నం రెండున్నరకు నా దగ్గరికి వచ్చి, ఎవరూ వినకుండా "అక్కా, కళ్లు తెరుచుకోవడం లేదు. ఈ నాలుగు స్లైడ్లు ఉన్నాయి, ఎలాగో చేసేస్తాను" అంది. రాత్రి ఎన్నింటికి పడుకున్నావని అడిగితే తల దించుకుంది. స్లైడ్ల ట్రే నా వైపు తీసుకున్నాను. ఆ నాలుగూ అర్జెంటు కావు, మర్నాటి ఉదయానికి ఆగగలవు. డ్యూటీ రూమ్‌లో కుర్చీ ఖాళీగా ఉంది. ఇరవై నిమిషాలకు అలారం పెట్టుకోమని చెప్పి పంపించి, నేను లేచి ఫ్రిజ్ టెంపరేచర్లు రాసుకోవడానికి వెళ్లాను.